ఎండుసేపల గంపతో మా అప్ప

"అమ్మమ్మా, మీ అప్ప జైలుకెందుకెళ్లింది?"

ఓలమ్మ, దొంగతనం సేసిందనుకున్నావేటే! నోరున్నందుకెల్లినాది. అప్ప నాకంటే పదేళ్లు పెద్ద. పాతపట్నం పక్క మా ఊర్లోన ఆయేల కోతలకి మగోడికి రెండ్రూపాయలు, ఆడదానికి రూపాయి. "ఏటి, ఆడదాని నడుం నడుం కాదేటి?" అని అడిగినాది. అడిగి ఊరుకుందా? ఎర్రజెండా పట్టుకుని, కూలోల్లందర్నీ కూడగట్టి కోతలు ఆపించీసినాది. అంతే, కేసెట్టీసినారు. పోలీసోల్లు వాకిట్లోకొచ్చీసరికి పెరటి గోడ దూకి ఎలిపోనాది. సీర కట్టుకుని గోడ దూకినాదంటే సూడు మరి! మా నాన్న పైకి తిట్టీవోడు గానీ, లోపల... సరే, అదొగ్గీ.

రెండేళ్లు జాడ నేదు. మీ అమ్మ అప్పుడు మూడ్నెల్ల గుంట. కాదు కాదు, నాలుగో నెలొచ్చీసినాది. పుట్టింటి నుంచి శృంగవరపుకోట, మా అత్తోరింటికి తీసుకెల్తన్నాను. కొత్తవలసలో రైలు మారాల కదా, టేసన్లో బల్ల మీద కూకున్నాను. ఎండుసేపల గంపతో ఒకావిడొచ్చి ముందర కూకున్నాది. "నెత్తళ్లున్నాయి, కావాలేటమ్మా?" అన్నాది. ఆ గొంతినీసరికి తలెత్తి సూసినాను. అప్పే! సముద్రం ఒడ్డున సేపలోల్ల పల్లెలో దాక్కుందట, ఆల్లే గంపిచ్చి బేరం నేర్పినారట. ఇదంతా తరవాత తెలిసినాదిలే. పక్కనే పోలీసోడు నిల్సున్నాడు. అప్పా అనడానికి నేదు, ఏడడానికి నేదు.

"పిల్ల బాగుంది తల్లీ. ఓపాలి ఎత్తుకోనా?" అన్నాది.

ఇచ్చినాను. గుండెకి అదుముకుని, "పేరేటి?" అన్నాది.

"మా అప్ప పేరే ఎట్టుకున్నాను" అన్నాను.

పిల్లని నా ఒళ్లో ఎట్టీసి, మొకం తిప్పుకుని, "నెత్తళ్లు తీసుకో బాబూ, వంకాయలో ఏస్తే బాగుంటాది" అన్నాది పోలీసోడితో. ఆడు బేరమాడి మరీ కొనుక్కెల్లినాడు, సూసినావా!

ఆ మరసటేడు దొరికిపోనాది. మూడేళ్లు జైలు. ఒచ్చినాక మల్లీ అదే పని, కూలోల్లని కూడగట్టడం. ఎనబై దాటినా సంచీ సంకనేసుకుని బస్సెక్కీసీది. నిరుడు పోయేముందు మంచం కాడ కూకుని అడిగినాను, "ఇంత తిరిగినావు, ఏటి మిగిలిందప్పా నీకు?" అని.

నవ్వినాది. "బోల్డు పని మిగిలిపోనాదే" అన్నాది.

...ఏటే, ఏడుస్తన్నావేటి? ఇలారా. మా అప్పకి దొరికినట్టు, నువ్వెల్లిన సోటల్లా నీకింత గంజి పోసీ సెయ్యి దొరకాల. నీ మాట ఇనీ మనుసులుండాల. అలగే బతుకు, నా తల్లి... అలగే...