యోబు ఎక్కిన నడక మిషను

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీకందరికీ తెలుసు," అని మొదలుపెట్టాడు యోబు. ఎడ్విన్‌కి తాగుతున్న టీ పొలమారింది.

ఆళ్ళగడ్డలో మాధవయ్య శెట్టి శనగల గోడౌను ఎదురుగా ఉంటుంది నిర్మలమ్మ టీ బంకు. లోడుకు రావాల్సిన లారీ ఇంకా రాలేదు. యోబుతో కలిపి హమాలీలు పన్నెండు మందీ బల్లల మీదా, ఖాళీ గోతాల మీదా కూచున్నారు. శెట్టి కూడా కుర్చీ తెప్పించుకుని నీడకు చేరాడు. యోబు ఒళ్ళో ఒక కాగితం ఉంది. అందులో పన్నెండు వరసలు. సంతకాలు పడినవి మాత్రం రెండే. ఒకటి యోబుది, రెండోది అతని మేనల్లుడు జీవన్ కుమార్‌ది.

"సాయంత్రం నాలుక్కల్లా ఈ పన్నెండూ నిండాలప్పా. మా రెబెకా యూనివర్సిటీలో ఎక్సర్‌సైజు, స్పోర్ట్స్ సైన్సు చదువుతాండాది కదా, ఇదే ఆఖరి సంవత్సరం. మూటలు మోసేటోళ్ళ గుండె ఎట్ల కొట్టుకుంటాది, ఊపిరి ఎట్ల ఆడతాది అని ప్రాజెక్టు పెట్టుకునింది. ఆదివారం ఆ నడిచే మిషన్ను వ్యాన్లో ఏసుకొని ఈడికే వస్తారంట. పన్నెండు మంది ఒప్పుకోకుంటే వ్యాను రాదు. వ్యాను రాకుంటే ప్రాజెక్టు లేదు, బిడ్డ సంవత్సరం గంగలో కలుస్తాది. సూది లేదు, మందు లేదు, నడిచేదే. మీరేమో ఆపరేషన్ బల్ల ఎక్కమన్నట్టు ఎనక్కి ఎనక్కి పోతాండారు. నేను ఎక్కినా కదా పోయిన నెల. చచ్చినానా?"

"ఎక్కితే ఏమైంది?" అన్నాడు ఎడ్విన్. అందరిలోకీ పెద్దవాడు అతను.

యోబుకి కావలసింది ఆ మాటే. టీ గ్లాసు పక్కన పెట్టి, పైపంచె సర్దుకున్నాడు.

"పెద్దగా ఏం కాలేదన్నా, ఉన్నదున్నట్టు చెప్తా. మా జీవమ్మ సంగటి కట్టిచ్చింది. నంద్యాలలో రైలెక్కి పోయినా. దిగేసరికి తెల్లకోటు ఏసుకొని ఎవరో డాక్టరమ్మ నా పక్కే వస్తాండాది. రెండు చేతులెత్తి దండం పెట్టినా. 'నాయనా, నేను' అనింది. మా పాప. సరే, ఆ గదిలోకి తీసుకపోయింది. మన గోడౌనంత ఉంటాది ఆ గది. మూలన ఒక ఎముకల బొమ్మను నిలబెట్టినారు, మనిషంత బొమ్మ. రెండు వందల ఆరు ఎముకలంట మన ఒంట్లో. ఒక్కొక్కటీ తాకి పేరు చెప్తాంది మా పాప. ఒక్కటి మరిచిపోలే. ఇంట్లో ఉప్పు డబ్బా యాడుందో తెలియని పిల్ల శెట్టీ. నాకు నోట మాట రాలే."

"రెండు వందల ఆరు," అన్నాడు మాధవయ్య శెట్టి మెల్లగా, తన మోచేతిని తడుముకుంటూ.

"నా రొమ్ముకు వైర్లు అంటించినారు. ముక్కుకీ నోటికీ కలిపి ఒక తొడుగు పెట్టినారు, దానికి గొట్టం. మనం విడిచే గాలిని బట్టి ఒంట్లో ఏం జరుగుతాందో ఆ తెర మీద కనపడతాది. అప్పుడు ఎక్కినా మిషను. కాళ్ళ కింద నల్లటి పట్టా, అది ఎనక్కి జరుగుతా ఉంటే మనం ముందుకు నడవాల, అంతే. నా ముందర ఒక పరుగుపందెం పిల్లోడు ఎక్కి పావుగంటకే కళ్ళు తేలేసినాడు. నేను వానికంటే రవ్వంత ఎక్కువ నడిచినా. అది కూడా చెప్పకూడదనుకున్యా, మీరు అడిగితిరి కాబట్టి చెప్తాండా."

"రవ్వంత అంటే?" అన్నాడు జీవన్ కుమార్.

"ఆడికే వస్తాండా, గమ్మునుండు. పట్టా కదిలిందా, నా రెండు చేతులూ వాటంతటవే నెత్తి మీదికి పోయినాయి. మెడ వంగింది. ముప్పై ఏండ్లుగా మూట లేకుండా నడిచింది యాడ మనం? ఉత్త ఒళ్ళుతో నడిస్తే పక్కకు ఒరిగిపోతాండా. వాళ్ళ సారు చూసి, ఏందమ్మా ఈయన చేతులు పైన పెట్టుకున్యాడు అనడిగినాడు. మా పాప ఏమనిందో తెలుసా? 'సార్, మా నాయన మూట మోస్తాండాడు' అనింది."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురి చేతులు వాళ్ళ మెడల మీదికి పోయాయి.

"సరేలే అని ఇసక మూట ఒకటి ఏసినారు. యాభై కిలోలది. అప్పుడు కుదిరింది నా నడక. రెండోది ఏసినారు, ఇంకా కుదిరింది. మూడోది ఏసేసరికి ఇసక అయిపోయింది. కసరత్తు పిల్లోళ్ళు ఎత్తే ఇనుప చక్రాలు తెచ్చి పేర్చినారు. అవీ అయిపోయినాయి. కాగితాలతో నిండిన బీరువా ఎత్తి పెట్టినారు. ఆఖరికి పెట్టేదానికి ఏం లేక, వాళ్ళ పెద్దసారు కుర్చీతో సహా వచ్చి ఎక్కి కూచున్యాడు. నా నెత్తి మీద కూచొని ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటాండాడు. పెన్ను ఒక్కసారి కూడా వంకర పోలేదని ఆయనే చెప్పినాడు."

"కుర్చీతో సహానా?" అన్నాడు శెట్టి. తన కుర్చీ వంక ఒకసారి చూసుకున్నాడు.

"కింద చక్రాలుండే కుర్చీ శెట్టీ, అదే కష్టం, జారతా ఉంటాది. మూడు నిమిషాలకొకసారి ఆ మిషను ముందు పక్క పైకి లేస్తాది, స్పీడూ పెరుగుతాది. లేసి లేసి లారీకి ఏసిన పలక మాదిరి నిలబడింది. నేనేం చేసినానంటే, కండ్లు మూసుకొని మన ఆళ్ళగడ్డలో బయలుదేరి నంద్యాల దావ పట్టినా. మనకు తెలిసిన దావైతే అలుపు తెలియదు కదా. రుద్రవరం పోయే దావ కాడ మనోళ్ళెవరో పలకరిస్తే ఆగబోయినా. 'నాయనా, ఆగద్దు' అని మా పాప అరిచింది. మళ్ళీ అందుకున్యా. శిరివెళ్ళ దాటినా. నంద్యాల వచ్చింది, దిగాల్నా అని మిషను కాడ నిలబడిన మేడంను అడిగితే ఆయమ్మ మీటరు చూసి కూలబడింది. నలభై కిలోమీటర్ల పైన చూపిస్తాంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగినావా?" అన్నాడు జీవన్ కుమార్.

"నంద్యాలలో దిగి ఏం చేస్తారా, ఇంటికి రావద్దా? ఆ దావనే తిరుక్కున్యా."

టీ పోస్తున్న నిర్మలమ్మ చెయ్యి ఆగింది.

"ఇంత నడిచినా తెర మీద నా గుండె డెబ్బై రెండు దాటలే. మిషను చెడిందని ఇంకోటి తెచ్చినారు. డెబ్బై రెండే. మూడోది తెచ్చినారు, అది డెబ్బై చూపించింది. సారుకి అనుమానం వచ్చి నా రొమ్ము మీద చెవి పెట్టినాడు. ఒకసారి కొట్టింది నా గుండె. సారు క్యాంటీనుకు పోయి టీ తాగి, పేపరు చదివి వచ్చి మళ్ళీ చెవి పెట్టినాడు. అప్పుడు కొట్టింది రెండోసారి."

"దేవా," అన్నాడు వెనక గోతాల మీద నుంచి ఎవరో.

"ఊపిరి సంగతి చెప్పలేదు కదా. నేను గాలి పీల్చినప్పుడంతా ఆ గది కిటికీలు లోపలికి వంగుతాండాయి. చదువుకునే పిల్లోళ్ళు మాకు గాలి చాలడం లేదని బయటికి ఉరికినారు. మా పాప ఒక్కతే నిలబడుకొని రాసుకుంటాండాది. అంతలో కరెంటు పోయింది. హమ్మయ్య, ఇంక ఆగుతాడు అనుకున్యారు అందరూ. ఆగితే నేను యోబునెట్లా అయితా? కరెంటు లేకున్యా నా కాళ్ళే ఆ పట్టాను తిప్పుతాండాయి. మిషను కరెంటు తాగేది మానేసి కక్కడం మొదలుపెట్టింది. మొదట ఫ్యాన్లు తిరిగినాయి. తర్వాత హాస్టళ్ళలో లైట్లు. నంద్యాల సబ్‌స్టేషన్ నుంచి ఫోను వచ్చింది సారుకి. ఎవరప్పా ఆ మనిషి, రవ్వంత నిదానించమనండి, ఈడ వైర్లు ఎర్రగా అయితాండాయి అని. పోయిన నెల ఒగ దినం మనూర్లో కరెంటు పోనే లేదు, గుర్తుందా?"

జీవన్ కుమార్ నోరు తెరుచుకుంది. "అవును మామా, ఒగ దినం పోలే," అన్నాడు.

"అదే. ఆఖరికి పట్టా అరిగి నా చెప్పులంత మిగిలింది. పాపం వాళ్ళ మిషను పాడైతాందని నేనే దిగినా. చెమట చుక్క లేదు. మీ కాళ్ళు రెండూ ఈడ గాజు పెట్టెలో పెట్టుకుంటాం, ఇచ్చిపోండి అని సార్లు బతిమాలినారు. శనగల సీజనప్పా, కాళ్ళు ఈడ పెట్టి పోతే మాధవయ్య శెట్టికి ఏం జవాబు చెప్పాల అని వచ్చేసినా."

టీలు చల్లారిపోయాయి. ఇన్నేళ్ళుగా యోబు చెప్పిన కోతలకు ఎవరో ఒకరు మధ్యలోనే లేచిపోయేవారు. ఈ సారి తెల్లకోటు, వైర్లు, రెండు వందల ఆరు ఎముకలు అన్నీ కలిసి వాళ్ళను పట్టేశాయి. శెట్టి అంతటివాడు రొమ్ము మీద చెయ్యి వేసుకుని తన గుండె లెక్కపెట్టుకుంటున్నాడు. యోబుకి ఒళ్ళు పొంగింది. కలం మూత తీసి చాపాడు.

"ఊఁ, పెట్టండి సంతకాలు."

జీవన్ కుమార్ లేచి కలం తీసుకున్నాడు. కాగితం మీదికి వంగి, నిన్న పెట్టిన తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"ఏందిరా అది?"

"నా వల్ల కాదు మామా. నీ తర్వాత నేనెక్కితే ఐదు నిమిషాలకు పడిపోతా. రెబెకా ముందర, వాళ్ళ సార్ల ముందర నగుబాటు. నీ మేనల్లుడంటే ఎవరైనా నమ్ముతారా?"

"వాడన్నది నిజమే యోబూ," అన్నాడు ఎడ్విన్. "నీ అట్లాంటోణ్ణి మోసిన మిషను మమ్మల్ని చూస్తే మొహాన ఉమ్ముతాది. ఆళ్ళగడ్డ హమాలీలంటే ఇంతేనా అంటారు. నీ పేరు చెడగొట్టడం యాల? మమ్మల్ని ఇడిచిపెట్టు."

ఒక్కొక్కరూ తలూపారు. యోబు చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. రెండు సంతకాలు కాస్తా ఒకటయింది. జన్మలో మొదటిసారి అతని మాట నూటికి నూరు పాళ్ళు పారింది, పారి తన బిడ్డ చదువుకే అడ్డం పడింది. గడియారం చూశాడు. రెండున్నర.

అప్పుడు నిర్మలమ్మ స్టవ్ తగ్గించి బయటికి వచ్చింది.

"ఇంక చాల్లే యోబప్పా. బీరువాలు లేవు, కరెంటు పుట్టిందీ లేదు. రెబెకా పోయిన వారం వచ్చినప్పుడు నాకు నీ మిషను పరీక్ష కాగితం చూపించింది. పదకొండు నిమిషాలు నడిచినావు. నూటా డెబ్బై కొట్టుకునింది నీ గుండె. దిగి బల్ల మీద వెల్లకిలా పడుకొని నీళ్ళడిగినావు. అంతే జరిగింది."

నవ్వులు మొదలయ్యాయి. నిర్మలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నవ్వద్దు. యాభై దాటిన మనిషి ఆ ఎత్తు మీద పదకొండు నిమిషాలు నడవడం మేము చూడలేదని వాళ్ళ సార్లే చెప్పినారంట. ఆ మాట చెప్తాంటే ఆ పిల్లకి కండ్లలో నీళ్ళు. నిజంగా గొప్పది ఒగటుంటే దాన్ని ఇడిచిపెట్టి, లేనివన్నీ చెప్తాండాడు ఈయన."

నవ్వులు ఆగిపోయాయి. ఎడ్విన్ యోబు వైపు తిరిగి, కింది నుంచి పైదాకా కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "సార్లే అన్యారా? నిజంగానా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు నోరు నొప్పి పుట్టేలా కోసిన కోతలకు దొరకని చూపు అది. ఆ చూపు కింద యోబు ఒక్క క్షణం కదలకుండా కూచున్నాడు. హాయిగా ఉంది.

కానీ కలం ఎవరూ తీసుకోలేదు. "పదకొండైనా ఎక్కువే మామా, సార్లే చూడలేదంటే మేమెంత," అని గొణిగాడు జీవన్ కుమార్. పక్కవాళ్ళు అవునన్నారు.

యోబు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"పదకొండు ఏందప్పా, పదకొండు? ఆ కాగితం సంగతి నాకు తెలియదా? మూడు నిమిషాలు. మూడంటే మూడే. మిషను ముందు పక్క రవ్వంత లేసిందో లేదో, నా కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టినాయి. జీవమ్మో అని కేక పెట్టినా. ఇద్దరు పిల్లోళ్ళు వచ్చి చంకల్లో చేతులేసి దింపినారు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ మిషను ఉత్తదే తిరిగింది, ఆపడం మరిచిపోయినారు. నేను పక్కన బల్ల మీద కూచొని సంగటి తింటాండా. నిర్మలమ్మ చూసింది ఆ మిషను టైము."

నిర్మలమ్మ నోరు తెరిచింది. యోబు ఆమె వంక ఒక్క చూపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

"మూడు నిమిషాలా?" అన్నాడు ఎడ్విన్. "మూడు నిమిషాలకే పెండ్లాన్ని పిలిచినావా?" అతని పొట్ట ఊగుతోంది. "ఆ కలం ఇట్లియ్. నేను ముసిలోణ్ణి, ఐదు నడుస్తా. పందెం."

"నాలుగు నడిచినా నీకంటే మేలే కదా మామా," అంటూ జీవన్ కుమార్ కొట్టేసిన పేరు పక్కన మళ్ళీ రాశాడు. తర్వాత కలం చేతులు మారుతూ పోయింది. ఒకడు ఆరన్నాడు, ఇంకొకడు ఏడన్నాడు. ఒక్కొక్కడూ సంతకం పెడుతూ యోబు వీపు మీద ఒక చరుపు చరిచాడు. యోబు అందరితో పాటు నవ్వాడు. శెట్టి కూడా నవ్వి, ఆ రోజు టీలన్నీ తనవేనన్నాడు. పన్నెండు వరసలూ నిండాయి.

లారీ వచ్చి హారన్ కొట్టింది. జీవమ్మో, జీవమ్మో అని యోబును ఎగతాళి చేస్తూ హమాలీలు గోడౌను వైపు పోయారు. యోబు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే నిర్మలమ్మ గ్లాసులు తీసుకోవడానికి వచ్చింది.

"రెబెకా చూపించిన కాగితంలో ఉండేది మిషను టైము కాదప్పా. నీ గుండె గీతలు. పదకొండో నిమిషం దాకా పైకి పోతానే ఉండాయి. బల్ల మీద కూచొని సంగటి తినేటోని గుండె అట్ల కొట్టుకోదు. అంత పేరును చేతులారా పారేసుకుంటివే. రేపు వాళ్ళకు ఉన్నది చెప్పు."

"ఇంక నేను చెప్తే ఎవరు నమ్ముతారు నిర్మలమ్మా," అన్నాడు యోబు, తువ్వాలు తలకు చుట్టుకుంటూ. "నీకూ మా రెబెకాకూ తెలుసు కదా. చాల్లే." జేబు మీద చెయ్యి పెట్టి కాగితం ఉందో లేదో చూసుకుని, లారీ దగ్గరికి నడిచాడు.