మా బావ నిదానపు గుండె

ఏంది పార్వతీ, పరుగుకు పోయే పిల్లవి అట్ల మొహం వేలాడేసుకుని కూచున్నావు? ఆ చేతి గడియారం చెప్పిందా, నీ గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని? ఊరికే కూచున్నప్పుడు యాభై కూడా దాటదా? అంతమాత్రానికే పోలీసు సెలెక్షన్‌కు పోనంటావా! ఇట్ల రా, నా పక్కన కూచో. మీ తాత పెద్దమల్లయ్య గుండె సంగతి నీకెవరూ చెప్పలేదా? నాకు బావ, మా సుబ్బమ్మక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయినాడులే, పండు ముసలితనంలో, మధ్యాహ్నం కునుకు తీస్తా తీస్తానే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నాకింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. అర్ధవీడు పైన, నల్లమలలో మా గూడెం. మా బావ పని తేనె దించడం. కొండకొమ్ము నుంచి తాడు మీద కిందికి దిగి, పొగ పెట్టి, పట్టు కోసేవాడు. పైన తాడు పట్టేది ఎవరనుకున్నావు? నేను. పెళ్ళాం తోడబుట్టినోడే పట్టాల, ఇంకెవరూ ముట్టకూడదు. వాడు వదిలితే తెగేది తన అక్క తాళే గదా, అందుకని వదలడు. అదీ మా పెద్దోళ్ళ కట్టు. ఆ పొగలో ఎండ కూడా తేనె రంగులో ఉండేది తల్లీ. ఈగల మోత ఎక్కడో లోయలో నీళ్ళు పారినట్టు వినబడేది. పైన నా గుండె దడదడ. కింద గాలిలో వేలాడే మనిషేమో, "రామన్నా, నిద్రపోతివేమిరా" అని పాట మాదిరి పిలిచేవాడు. ఏం చెప్తున్నా నేను? ఆ, గుండె.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో సర్కారు డాక్టరు ఒకాయన వచ్చి డేరా వేసినాడు. కుర్రాయన, మంచోడే. అందరికీ జ్వరం బిళ్ళలిచ్చినాడు. బావ చెయ్యి పట్టుకుని గడియారం చూసి, మళ్ళీ చూసి, అది ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నిమిషానికి నలభై చిల్లరేనండీ! డెబ్బై దాకా ఉండాలి. గుండె బలహీనమేమో. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించేదాకా కొండ పనికి పంపకండి" అన్నాడు. బావ నవ్వినాడు. "కర్నూలు దాకా నడిచే గుండెకు కొండ ఒక లెక్కా సామీ?" గూడెమంతా నవ్వింది. నేను నవ్వలేదు. తాడు ముట్టనన్నా. రాత్రి బడిలో లాంతరు కింద పలక మీద అక్షరాలు దిద్దినోన్ని, చదువుకున్నాయన మాట కాదంటానా? "ఏమిరా, పలక పట్టిన చేతికి తాడు బరువైందా?" అని బావ ఎగతాళి చేసినాడు. చేస్తే చేసినాడు. అక్క తాళి ఆయన చేతిలో ఉందా, నా చేతిలో ఉందా? ఇప్పటికీ అదే అంటా.

ఇంకెవరూ పట్టకూడదు గదా, ఆ ఏడు తేనె కొండకే పోయింది. ఇంట్లో జొన్నలు అడుగంటినాయి. బావ వానలంతా గుడిసెలో కూచున్నాడు. అక్క కట్టెలకు కూడా పోనియ్యలేదు. చలికాలంలో ఆ డాక్టరే మళ్ళీ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "భేష్! ఇప్పుడు అందరి మాదిరే కొట్టుకుంటుంది. నిక్షేపంగా ఎక్కొచ్చు." నాకు ఎంత సంతోషమో! అప్పుడే తాడు భుజానికేసుకుని బయలుదేరదీసినా. కొండ సగం కూడా ఎక్కలేదు, బావ రాతి మీద కూలబడినాడు. మాట రాదు, ఒకటే ఆయాసం. "బాగైందన్నాడు గదా బావా!" అంటే, "బాగయ్యే చెడినట్టుంది రా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అక్క ఏమనిందో తెలుసా? "నా తల ఆయన ఎద మీదే గదా పెట్టుకునేది. ముందు, ఒకటి కొట్టినాక ఇంకోటి వచ్చేలోపల నాకు కునుకు పట్టేది. ఇప్పుడు దబదబమని, ఎవరో పరాయోని పక్కన పడుకున్నట్టుంది." "ఆ మాట ముందే చెప్పొచ్చు గదే!" "నన్నడిగితివా నువ్వు? పలకలో చూసుకుంటివి గానీ."

గుండె గట్టిదైతే ఒక్కో తోపుకు ఎక్కువ నెత్తురు పోతాది, మాటిమాటికి కొట్టుకునే పనిలేదంట. నీకైతే అడిగితే చెప్పడానికి పరుగు నేర్పే గ్రౌండు సార్ ఉన్నాడు. మాకెవరు చెప్పినారు? మా అక్క చెవి ఒక్కటే ఆధారం. బావ మళ్ళీ నడక మొదలుపెట్టినాడు. ముందు వాగు దాకా, తర్వాత ఆ రాయి దాకా, తర్వాత కొమ్ము దాకా. పొద్దుగూకితే అక్క ఆయన ఎద మీద చెవి పెట్టేది. "ఏమైందే?" అని నేను. "ఇంకా లేదు" అని ఆమె. మోదుగలు పూసి కొండంతా ఎర్రగా ఉన్నప్పుడు, ఒకనాడు చెవి పెట్టినామె లేవలేదు. వింటుందేమో అనుకున్నా. బావ వేలు నోటి మీద పెట్టుకుని, కళ్ళతో చూపించినాడు. నిద్రపోయింది. నేను సప్పుడు చెయ్యకుండా లేచి, తాడు తీసుకున్నా.

నీకు తల తిరగడం, కళ్ళు మసకబారడం ఏమన్నా ఉందా? ఉంటే చెప్పు, డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతా. లేదు గదా? అయితే ఆ గడియారం తీసి పక్కన పెట్టు. చెయ్యి ఇట్ల ఇయ్యి. ఆ, కొట్టింది. ఉండు, మాట్లాడకు...

వచ్చింది. పో, బూట్లు ఏడున్నాయో చూసుకో.