తట్టి చూడని పడవ

షెడ్డులో ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టిన పాత ఫైబర్ పడవ కింద బావా బావమరిదీ వెల్లకిలా పడుకున్నారు. పడవ అడుగంతా బొబ్బలే. బావ ఒకదాన్ని సూదిమొనతో పొడిచాడు. లోపలి నీళ్ళు చివ్వున చిమ్మి అతని మీసం మీద పడ్డాయి.

"ఛీ, వెనిగర్ కంపు."

"నోరు మూసుకుని పొడువు బావా. రెండోది నోట్లో పడుతుంది."

"ఇదేం రోగంరా దీనికి?"

"ఏళ్ళ తరబడి నీళ్ళలో నానింది కదా, తడి పైపూత దాటి లోపలికి చేరింది. అన్నీ చెక్కేసి, బాగా ఎండబెట్టి, అప్పుడు కొత్త పూత వెయ్యాలి."

"ఎండడానికి ఎన్నాళ్ళు?"

"నెలలు పడుతుంది."

"ఈ సెలవులకి షికారు తీసుకెళ్తానని మీ అక్కకి మాటిచ్చి చచ్చాను. ఈ వారమే మెత్తేసి రంగు కొట్టేద్దాం."

"తడి మీద మెత్తితే మళ్ళీ పొంగుతాయి. అప్పుడు అక్క నీకు తేలుస్తుంది బొబ్బలు."

"అమ్మేటప్పుడు మీ నాన్న ఒక్క ముక్క చెప్పలేదేంరా?"

"నువ్వడిగావా? పాత పడవ కొనేవాడు ఎవడైనా ముందు దాన్ని పైకి లేపించి, అడుగంతా సుత్తితో తట్టి చూస్తాడు. చప్పుడు తేడాగా ఉంటే దండం పెట్టి వెళ్ళిపోతాడు."

"పిల్లనిచ్చిన మామ. ఆయన ఎదురుగా సుత్తి పట్టుకుని తట్టమంటావా? మర్యాదగా ఉంటుందా?"

బావమరిది తల తిప్పి, బావను మీసం దగ్గర్నుంచి పొట్ట దాకా తీరిగ్గా చూశాడు.

"నిజమేలే. మా నాన్నా మర్యాదస్తుడే. నిన్ను తట్టి చూడకుండానే పిల్లనిచ్చాడు."