మూడో రోజు తవ్విన గంట

అది అరవై రెండో సంవత్సరం, ఎండాకాలం చివర్లో. ఆ కుర్చీ ఇటు లాక్కో, గాలి తగులుతుంది. మీ తాత గురించే కదా అడిగావు, చెబుతా. దేవుడికి లొంగిపోయిన మనిషంటే తల వంచుకుని అందరికీ సరే సరే అనేవాడని మీ పాస్టరు చెప్పాడన్నావే, ఆయన్నోసారి నా దగ్గరికి పంపు. మీ తాత, అంటే మా అక్క మొగుడు, మా బావ, నిజంగా లొంగిపోయాకే మనుషుల మాట వినడం మానేశాడు.

అప్పుడు మేమిద్దరం గంటలు పోసే కార్ఖానాలో పని. బావ మేస్త్రి, నేను ఆయన చేతికింద. అచ్చులకి మట్టి తొక్కే ముసలాయన ఒకడుండేవాడు, మట్టయ్య అనేవాళ్లం, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. బావ ముప్పై దాటాక భక్తిలో పడ్డాడు. ప్రతి ఆదివారం చర్చిలో లేచి, నాలో పాత మనిషి చచ్చిపోయాడు, ఇప్పుడున్నది క్రీస్తే అని సాక్ష్యం చెప్పేవాడు. ఇంటికొచ్చి కూరలో ఉప్పు తగ్గితే కంచం జరిపేసేవాడు. మా అక్క ఊరుకునే రకమా? “చచ్చినాయనకి ఉప్పుతో ఏం పనండీ” అనేది. నవ్వుతావేం, మీ అమ్మమ్మ నోరే నీకూ వచ్చింది.

సరే, ఎక్కడున్నాం? ఆ. మా చర్చికి కొత్త గంట కావాలన్నారు, బావ నేను పోస్తానన్నాడు. అచ్చులో పైన దేవునికే మహిమ అని చిటికెన వేలంత అక్షరాలు పెట్టాడు, కింద తన పేరు అరచేతంత. నేనప్పుడు రాత్రిబడిలో చదువు మొదలెట్టా. కూడబలుక్కుని చదివి, “బావా, దేవుడికంటే నువ్వే బాగా కనపడుతున్నావు” అన్నా. నవ్వాడు. చెరపలేదు.

గంట పోయడమంటే బిందెలో నీళ్లు పోయడం కాదమ్మాయ్. గుంటలో అచ్చు నిలబెట్టి, చుట్టూ మట్టి కూరి, కరిగిన కంచు పోశాక ఇక దాని జోలికి పోకూడదు. అంత గంటకి ఐదు రోజులు. ఆ లెక్క బావ పెట్టిందే. ముందే తవ్వితే పైన చల్లారి లోపల చల్లారక సన్నగా బీట పడుతుంది. కంటికి ఆనదు, మోగిస్తే తెలుస్తుంది. ఆదివారం బయటినుంచి పెద్ద పాస్టర్లు వస్తున్నారు, ఆ పూటకి మోగిస్తానని బావ మాటిచ్చాడు. మట్టయ్యేమో అచ్చు ఆరలేదని రెండు రోజులు ఆపాడు. అలా పోయడం బుధవారానికి పడింది, ఐదు రోజులాగితే ఆదివారం దాటిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లినప్పుడు బావ పార నా చేతిలో పెట్టి తవ్వరా అన్నాడు. ఏంటీ? అవును, నేనూ ఉన్నా. ఆ మాటకీ వస్తా, తొందరపడకు.

ఆదివారం తాడు లాగారు. పగిలిన కుండమీద గరిటెతో కొట్టినట్టుంది. వచ్చిన పాస్టర్లు మొహాలు చూసుకున్నారు. ఎందుకిలా అంటే, మట్టి తడిగా ఉండి ఉంటుందని ఎవరో అన్నారు. అంతే, సోమవారం కార్ఖానా యజమాని మట్టయ్యని పనిలోంచి తీసేశాడు. ముప్పై ఏళ్లు మట్టి తొక్కిన మనిషి తన చేతులకేసి చూసుకుంటూ వెళ్లిపోయాడు. తడికి బొక్కలు పడతాయి గానీ బీట పడదని బావకి తెలుసు, నాకూ తెలుసు. నోరు విప్పలేదు. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ బావ ఉప్పు లేని కూర కూడా మాట్లాడకుండా తిన్నాడు. మా అక్క నన్ను పక్కకి పిలిచి, మీ బావకి ఏదో అయిందిరా అంది.

ఆఖరికి వెళ్లి సంఘపెద్దతో చెప్పుకున్నాడు. ఆయన ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. ఇదే గదిలో, ఆ కిటికీ దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి, జరిగిందంతా దేవుడి చిత్తం అనుకో నాయనా, ముసలాయన ఎలాగూ పని మానే వయసే, నువ్వు బయటపడితే సంఘం పరువు పోతుంది, నిన్ను నువ్వు తగ్గించుకుని మౌనంగా ఉండు అని హితబోధ. తగ్గించుకోవడమట! బావ అంతా విన్నాడు.

“అయ్యగారూ, గుంట తవ్వించింది నేను. దేవుడి చేతికి పార ఇవ్వకండి” అన్నాడు.

పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. బావ నావైపు తిరిగి, ఇన్నేళ్లూ చచ్చాను చచ్చానన్నాను గానీ నా పేరు మాత్రం బతికే ఉందిరా అన్నాడు. ఆదివారం చర్చిలో లేచాడు. యజమాని రెండో వరసలో ఉన్నాడు. సంఘపెద్ద కూర్చో అన్నాడు. కూర్చోను అన్నాడు బావ. మట్టి తప్పు కాదు, మట్టయ్య తప్పు కాదు, ఐదు రోజులుండాల్సిన గంటని నా గొప్ప కోసం మూడో రోజు తవ్వించాను అని, పక్కింటివాడి సంగతి చెబుతున్నట్టు చెప్పేశాడు. యజమాని, నీతో ఇంకెవరున్నారని అడిగాడు.

“తవ్వమన్నది నేను. చాలు.”

మా అక్క తల తిప్పి నన్ను చూసింది. నేను లేవలేదు. అదీ ఆ మాట. ఎవరి మాటా లెక్కచెయ్యనని ఊరంతా తిరిగి చెప్పుకునేవాణ్ణి, ఆ రోజు బల్లకి అతుక్కుపోయా.

మట్టయ్యని మళ్లీ పనిలోకి పిలిచారు. పనికెళ్లే ముందు ఇంటికొచ్చి బావ చేతులు పట్టుకుని, ఇంకొక్క రోజు ఆరబెట్టాల్సిందేమోనని రోజూ నా ఈ చేతులే చూసుకుంటున్నానురా పిచ్చివాడా అన్నాడు. ఆ కిటికీ రెక్క కాస్త వెయ్యి, ఎండ కళ్లలో పడుతోంది. బావని కార్ఖానాలోంచి తీసేశారు, ఆ మేస్త్రి పని నాకిచ్చారు. ఆ తర్వాత ఆయనచేత ఎవరూ గంట పోయించలేదు. చనిపోయేదాకా, పదకొండేళ్లు, వేరే చోట మురికికాలవ ఇనుప మూతలు పోశాడు.