అన్న వీపు

గుట్టెక్కుతరా? ఎక్కుండ్రి, ఈ తాత వద్దన్నడా? ముసల్దానిలెక్క గా కట్టె ఎందుకే మనస్వినీ? మీ అవ్వ లక్ష్మీనర్సమ్మ అరవై దాటినంక గీ గుట్టనే ఎక్కింది, హవాయి చెప్పులేసుకొని, కొంగు నడుముకు చెక్కుకొని. ఆమె పోయి ఎన్నేండ్లాయె, నువ్వప్పుడు పట్నంల బడికి పోయే చిన్నపిల్లవు. ఆఁ? మొక్కుకా? మొక్కు గిక్కు ఏంలేదు. వాళ్ళన్న బతికున్నడా లేదా చూసొద్దామని ఎక్కింది.

నవ్వుతవేంది? నీ సోపతోళ్ళు వచ్చేదాక కూసో, జెప్త. వెంకటయ్య అని, మీ అవ్వకు ఒక్కడే అన్న. గుట్టకు ఇటు దిక్కు మనం, అటు దిక్కు ఆయన. వాళ్ళ నాయిన మగ్గం ఇడిచిపెట్టి బట్టల దుకాణంల పనికి కుదిరిండు. కుదిరితే కుదిరిండు, ఎవరి బతుకు వాళ్ళది. తెలంగాణ వచ్చిన యేడు ఇల్లు కట్టుకొని, చెల్లెకు ఒడిబియ్యం పోస్తనని పిలిచిండు. పోయినం. బియ్యం ఒడిల పోసినంక చీర చేతుల పెట్టిండు. మీ అవ్వ అంచును ఇట్ల రెండు వేళ్ళ నడుమ పట్టి రుద్ది చూసింది. "అన్నా, గిది మిల్లు చీర" అన్నది. "చీర చీరనే గదనే, మంచిదే చూసి తెచ్చిన" అన్నడాయన. "మా ఇంటాయన పొద్దుందాక మగ్గం గుంతల కూసొని నేస్తాంటే, నువ్వు నాకు మిషిని చీర పెడ్తవా? మన నాయిన చేతులు మర్చినవా?" "కట్టుకుంటే కట్టుకో, లేకుంటే ఆడ పెట్టు." పెట్టింది. ఒడిల బియ్యం గూడ పళ్ళెంల తిరిగి పోసి, "నీ గడప తొక్కితే నేను మన నాయిన బిడ్డనే కాదు" అని లేచింది. నేనప్పుడే విస్తరి ముందు కూసున్న. పప్పు మంచిగుండె.

ఇగ మాటల్లేవు. ఒక ఎండకాలం, వెంకటయ్యకు గుండెనొప్పొచ్చి దవాఖానకు పోయొచ్చిండని తెలిసింది. మీ అవ్వకు ముద్ద దిగలే. "పోయి చూసి రావే" అంటే, "ఒట్టు పెట్టిన" అంటది. "మరి ఏడువకు" అంటే, "ఏడుస్త" అంటది. ఏం జెయ్యాలె? గా ఆదివారం పొద్దుగాల మీ అసొంటి పోరగాండ్లే సంచులేసుకొని గుట్టెక్కుతాండ్రు. వాకిట్ల నిలవడి చూసి, "గడప తొక్కనన్న గని గుట్టెక్కనన్ననా?" అన్నది. వాళ్ళెనుక ఆమె, ఆమెనుక సద్ది పట్టుకొని నేను. ఒక పిల్ల, "ఆంటీ, రాళ్ళున్నయి, చూసుకోండి" అంటే, "నువ్వు చూస్కో బిడ్డా, నీ బూటు లేసు ఊడింది" అన్నది. మీదికి పోయినంక అందరు ఫొటోలు దిగుతాండ్రు, ఈమె అటు అంచుకు పోయి కింద అన్న ఇల్లు దేవులాడుతాంది. కనవడ్డది. వాకిట్ల పిలాస్టిక్ కుర్చీ, కుర్చీల వెంకటయ్య. ఆయన గూడ తలకాయ ఎత్తిండు. చెల్లె నిలవడ్డ తీరు గుర్తువట్టిండేమో, లేచి, కుర్చీ తిప్పి, గుట్టకు వీపు పెట్టి కూసున్నడు. నా పాణం చివుక్కుమన్నది. మీ అవ్వ మాత్రం పకపక నవ్వింది. "కోపం పోలే! కుర్చీ ఎట్ల ఎత్తి తిప్పిండో చూసినవా? మా అన్నకేం కాదు." సద్ది విప్పి కడుపునిండ జొన్నరొట్టె తిన్నది.

ఇగ ప్రతి ఆదివారం గదే కత. ఈమె ఎక్కుడు, ఆయన వీపు పెట్టుడు. వెంకటయ్య భార్య నిర్మలమ్మ అంగట్ల నాకు కలిసి, "అన్నా, ఆదివారమొస్తే పొద్దుగాలనే తానం జేసి, ఉతికిన అంగి తొడుక్కొని, కుర్చీ బయటెయ్యమంటడు" అన్నది. వీపు చూపెట్టనీకె ఉతికిన అంగి.

బతుకమ్మ పండుగ ముంగట ఒకనాడు ఎక్కినం. కుర్చీ ఇటే తిరిగున్నది. మా దిక్కే చూస్తాండు, మెల్లగ చెయ్యెత్తిండు. "అగో, మీ అన్న కోపం తగ్గింది" అని సంబురపడ్డ. మీ అవ్వ అప్పటికే కొంగు చెక్కుకుంటాంది. "తగ్గుడు కాదయ్యా, కుర్చీ తిప్పనీకె శాతనైతలేదు" అన్నది. తొవ్వ లేని దిక్కు, ముండ్లల్లనే పడి దిగింది. చెప్పులు ఆడనే పోయినయి. నేను తొవ్వ పట్టుకొని పోయేసరికి ఆయనను ఇంట్లకు మోసిండ్రు, ఈమె గడప లోపల, అన్న తల ఒడిల పెట్టుకొని కూసున్నది. "తిరుగు అన్నా, అటు తిరుగు, నాకు వీపు పెట్టు" అని ఒక్కటే ఏడుపు.

తిరగలే. ఆయన దినాల నాడు నిర్మలమ్మ గా మిల్లు చీరనే తెచ్చి ఇచ్చింది. రెండు ఉతుకులకే రంగు పోయింది. మీ అవ్వ చినిగేదాక గదే కట్టింది. నేను ఇంట్లనే నేస్తుంటి గదా, అయినా...

పో బిడ్డా, నీ సోపతోళ్ళు హారన్ కొడ్తాండ్రు. నీళ్ళ సీసా పట్టుకున్నవా?