బిడారు బయల్దేరే వేళ

కొడుకు గది. అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. మూడో గొంతు స్పీకర్లోంచి వస్తోంది.

"అది కాదమ్మా, చోటు లేదంటున్నాను. నా ఓడ నిండింది, టైలర్ ఓడ నిండింది, మందులషాపువాడి ఓడైతే గొంతుదాకా నిండింది. ఇంకా ఏం ఎక్కించమంటాడు మా ఓడలన్నిటికీ పెద్ద, ఆ సారంగు?"

"నీళ్ల యంత్రాలు ఎక్కించారా?"

"పొద్దున్నే ఎక్కించాం. మీరే కదమ్మా చెప్పారు."

"నేను కాదు బాబూ, మావాడు చెప్పాడు. నేను మాట చేరవేసేదాన్నే."

"సరే, సారంగే చెప్పాడు. నిన్నేమో వెనక పెట్టమన్నాడు, పెట్టాం. పొద్దున ముందు పెట్టమన్నాడు. దింపి, ముందు పెట్టాం. ఇప్పుడింక..."

"ఒక్క నిమిషం ఆగు కండక్టర్ బాబూ. వాణ్ణి అడిగొస్తాను."

"అడిగి రండి. జనమంతా ఎక్కి కూర్చున్నాక కూడా రైట్ చెప్పకుండా ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టుంది నా పని. బస్సు డ్యూటీలో కూడా ఇన్ని తిట్లు తినలేదు నేను."

"ఎవర్ని అడిగొస్తావు?"

"ఉండండి, వాళ్ళకి వినపడుతుంది, మైకు ఆపనివ్వండి."

"ఎవర్ని? ఆ గోడనా?"

"ఆపాను. ఇప్పుడు అనండి ఏమంటారో. చెప్పులు కూడా విప్పలేదేం?"

"మళ్ళీ వెళ్ళాలి గనక. లే."

"బిడారు కదలగానే వస్తానని చెప్పాను కదా."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్న లోడు పూర్తికాలేదు."

"ఇవాళ అయింది. చోటు లేదని ఆ అబ్బాయి మొత్తుకుంటున్నాడు, నేను విన్నాను."

"డాక్టరు ఏమన్నారు?"

"కొత్తగా ఏమంటారు? మెదడు పనిచెయ్యడం లేదు, ఇంక చెయ్యదు అన్నారు. వేరే ఆస్పత్రి నుంచి ఇంకో ఆయన్ని పిలిపించారు. ఆయనా చూసి అదే మాట అన్నాడు. ఊపిరి వాడిది కాదట. మిషనుదట."

"మరి ఆపమనండి. మనల్నెందుకు అడగడం?"

"ఇద్దరం సంతకం పెడితేగానీ ఆపరు. నేను పెట్టాను."

"పెట్టేశారా?"

"పెట్టాను."

"నాతో ఒక్క మాట అనకుండా?"

"అందామని రోజూ వస్తున్నాను. నువ్వు నాకు వీపు చూపించి కూర్చుంటున్నావు."

"చెయ్యి వెచ్చగా ఉందా?"

"ఎవరిది?"

"వాడిది. ఇంకెవరిది?"

"ఉంది."

"చూశారా."

"మిషను తిరిగినంతసేపూ ఉంటుంది. పెద్దదాన్ని ఒక్కదాన్నే అక్కడ వదిలి వచ్చాను. ఏం చెయ్యాలో తోచక తమ్ముడి గోళ్ళు కత్తిరిస్తోంది. కాళ్ళవి అయిపోయి చేతులవి మొదలుపెట్టింది. అది చూడలేక వచ్చాను."

"దానికెప్పుడూ వాడి గోళ్ళమీదే కన్ను."

"అమ్మా? ఉన్నారా? ఏమన్నాడు?"

"ఉన్నాను బాబూ. అడిగాను. గింజల బస్తాలు ఓడ ముందు గదిలోంచి వెనక గదిలోకి మార్చమన్నాడు."

"అందరివీనా?"

"అందరివీ."

"నిన్న వెనకనుంచి ముందుకి మార్పించాడమ్మా."

"జ్వరంలో ఏదో అనుంటాడు నిన్న."

"సరే. సారంగు మాట. ఒరేయ్ టైలరూ, గింజలు వెనక్కి. ఎందుకంటే నాకేం తెలుసు? చెప్పాడు, చెయ్యి. ఎందుకని అడిగి కుడుతున్నావా నువ్వు జనం జాకెట్లు?"

"అయ్యాక చెప్పు బాబూ. మైకు ఆపుతున్నాను."

"జ్వరమా?"

"కామెర్లని చెప్పాను. నీరసంగా ఉన్నాడు, పక్కగదిలో పడుకున్నాడు అని."

"ఎప్పటినుంచి?"

"బండి జారిన మర్నాటి నుంచి. వాడి ఫోను ఒకటే మోత. సారంగు ఎక్కడ, సారంగు ఎక్కడ అని. ఏం చెప్పను? అప్పటికి బాగవుతాడనే అనుకున్నాం కదా. మీరూ అనుకున్నారు."

"అనుకున్నాను."

"వానల ముందునుంచీ పోగుచేశాడండీ వీళ్ళందర్నీ. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఎవరికివారు సరుకు వేసుకుని పోతే ఆ ఆకాశంలో, చుక్కల మధ్య దొంగలు దోచుకుంటారట. అందరూ ఒక్క బిడారుగా వెళ్తేనే ఆ చివరి రేవుకి నీళ్లూ గింజలూ అందుతాయట. ఎవరు ఏం కొనాలో, ఎవరి ఓడ ఎంత మొయ్యగలదో, కావలి ఎవరో, అన్నీ వాడే సర్దాడు. కంచం తెస్తే, అక్కడ పెట్టమ్మా, ఇద్దరు పోట్లాడుకుంటున్నారు తీర్చాలి అనేవాడు."

"అది ఆట."

"ఆటే."

"ఆ రేవులో నిజంగా దాహంతో ఎవరూ లేరు."

"నాకు తెలియదా?"

"మరి ఎక్కించినదాన్నే ఎందుకు దింపిస్తున్నావు?"

"ఎవరు దింపించారు?"

"నువ్వే. వాళ్ళు నిన్న ఎక్కించారు. పొద్దున దింపించావు. మళ్ళీ ఎక్కించారు. ఇప్పుడు గింజలన్నావు. ముప్పై ఏళ్ళు గోడౌన్లో లోడింగ్ మేస్త్రీగా ఉన్నాను, నాకు తెలియదా లారీని కావాలని నిలబెట్టడం అంటే ఏంటో?"

"అవును, నిలబెడుతున్నాను. కదిలితే నేను మీతో రావాలి కదా."

"రావాలి."

"వస్తే సంతకం పెట్టాలి కదా."

"పెట్టాలి."

"అందుకే."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళు ఎక్కిస్తున్నన్నాళ్ళు. మీ హమాలీలకైతే నడుములు పడిపోతాయి. వీళ్ళకేముంది, మీట నొక్కడమే. బరువుంటుందా?"

"బరువు లేకపోతే ఆ అబ్బాయి అందరి చేతా తిట్లు ఎందుకు తింటున్నాడు? పక్కగదిలో వాడున్నాడని. వాడి మాటే అని. ఆ పిల్లల్ని కూడా మనలాగే ఆ మిషను దగ్గర కూర్చోబెట్టావు నువ్వు. మనకి తెలిసి కూర్చున్నాం. వాళ్ళకి తెలియదు."

"అలా అనకండి."

"ఇంకెలా అనను?"

"అమ్మా, ఒక మాట. మందులషాపువాడు షట్టర్ తియ్యాలట, వెళ్ళిపోతానంటున్నాడు. మిగతావాళ్ళు కూడా... నేను ఎలాగో పట్టి ఉంచుతున్నాను. ఒక్కటి అడగనా? తప్పుగా అనుకోకండి."

"అడుగు బాబూ."

"సారంగు గొంతు ఒక్కసారి వినిపించండి. ఏం అక్కర్లేదు, 'పదండ్రా' అంటే చాలు. వీళ్ళంతా దారిన పడతారు."

"పడుకున్నాడు."

"ఇప్పుడే కదా అడిగొచ్చారు?"

"అడిగాక పడుకున్నాడు."

"కామెర్లకి గొంతు పోదు కదమ్మా."

"నీరసం బాబూ. వట్టి నీరసం."

"మా మీద కోపమొచ్చిందా? పోయిన నెల నేను ఒక మాట తూలాను. ఓడలు నడిపేది మేమైతే పెత్తనం నీదేంటి అన్నాను. నవ్వేశాడు గానీ... అదేమైనా మనసులో పెట్టుకున్నాడా?"

"లేదు. నీ మీద కోపమేంటి. నువ్వంటే వాడికి... లేదు బాబూ. ఒక్క నిమిషం, మైకు ఆపుతాను."

"ఉన్నమాట చెప్పెయ్."

"నా వల్ల కాదు."

"ఆ అబ్బాయి తనే ఏదో తప్పు చేశాననుకుంటున్నాడు. విన్నావు కదా."

"విన్నాను. నా నోటితో మాత్రం రాదు. ఆ మాట అనేశాక మళ్ళీ లోపలికి తీసుకోలేను. మీరు చెప్పండి."

"నేనా?"

"మీకేం, సంతకమే పెట్టారు. మాట చెప్పలేరా? మీరు చెప్పండి. వాళ్ళు బయల్దేరతారో, మానేస్తారో వాళ్ళ ఇష్టం. ఆ క్షణమే లేస్తాను. మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను."

"మాట మారవు కదా?"

"మారను. ఇలా కూర్చోండి. ఈ మీట నొక్కి మాట్లాడండి."

"వాడి కుర్చీలోనా?"

"ఇంకో కుర్చీ ఎక్కడుంది ఈ గదిలో?"

"బాబూ, వినపడుతోందా? నేను సారంగు నాన్నని."

"నాన్నగారా? మేస్త్రీగారా?"

"నేను మేస్త్రీనని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటండీ. మాకు లోడు వెయ్యడం నేర్పిందే మీరు."

"నేనేం నేర్పాను? నాకు ఈ ఆట పేరు కూడా తెలియదు."

"ఆట కాదండీ, లోడు. ఈ ఆటలో సరుకు ఎలా పడితే అలా వేస్తే ఓడ మలుపు తిరగదు, దొంగలకి దొరికిపోతాం. మొదట్లో అలాగే దొరికిపోయేవాళ్ళం. అప్పుడు సారంగు చెప్పాడు, మా నాన్న లారీ చుట్టూ ఒక్కసారి తిరిగి ఎటు ఒరుగుతుందో చెప్పేస్తాడు, చిన్నప్పుడు ఆయన వెనకే తిరిగి చూశాను, ఆయన వేసినట్టు వేద్దాం అని. అప్పట్నించీ ఏ గొడవొచ్చినా 'మేస్త్రీ ఇలా వెయ్యడు' అంటాడు. ఇంక ఎవరూ నోరెత్తరు."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"మీతో ఎందుకంటాడండీ? ఈ గదిలోకి వస్తే మీరు తిట్టడానికే వస్తారట కదా."

"తిట్టాను."

"సరదాకి అన్నాన్లెండి. ఏదో చెప్పబోయారు. సారంగు గురించేనా?"

"ఆఁ. వాడి గురించే."

"చెప్పండి. ఒరేయ్, అందరూ మైకులు ఆపండ్రా, మేస్త్రీగారు మాట్లాడతారట. చెప్పండి, వింటున్నాం."

"బాబూ, వాడు... మీరంతా వాడి కోసం..."

"వింటున్నామండీ."

"ఏమండీ. చెప్పండి."

"చెప్తున్నాను. ఉండు. బాబూ, ఇక్కడ ఎర్రగా కనపడేది నీ ఓడేనా?"

"నాదేనండీ."

"నీళ్ల యంత్రాలు ఎక్కడ పెట్టావు?"

"ముందు గదిలో. ఎందుకండీ?"

"అంత బరువు ముందు వేస్తే ఓడ మొహం వాలిపోదూ? మలుపెలా తిప్పుతావు?"

"నాకూ అదే అనుమానం వచ్చిందండీ. అమ్మగారు చెప్పారు, సారంగు అన్నాడని..."

"వాడలా చెప్పడు."

"ఏమండీ."

"నువ్వుండు. అందరివీ ఇలాగే ఉన్నాయా బాబూ?"

"అందరివీ ఇలాగే ఉన్నాయండీ."

"అయితే మొత్తం దింపెయ్యండి. మొదట్నించీ ఎక్కిద్దాం."