కొట్టేసిన పేర్లు

రిటైరైన ఇంజినీరుగారు తన ఆత్మకథను, దాన్ని అచ్చు వేయిస్తానన్న ట్రస్టు చైర్మన్‌కే అంకితమిచ్చి నిశ్చింతగా ఉన్నాడు. మూడో రోజున పుస్తకం టైపు చేసిన డీటీపీ అమ్మాయి కబురు పెడితే ఆమె సెంటరుకు వచ్చాడు.

“ట్రస్టు వాళ్ళ ప్రెస్సులో పాత సాఫ్ట్‌వేర్ సార్. మన ఫైలు తెరుచుకోలేదు. అందుకని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా, అంటే ఉత్త అక్షరాల ఫైలుగా మార్చి పంపాను.”

“తెరుచుకుందా?”

“అది నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది సార్. చిక్కంతా అక్కడే వచ్చింది. కొట్టేసినవి కూడా కనిపిస్తాయి.”

“కొట్టేసినవి ఇంకా ఎందుకుంటాయమ్మా?”

“ప్రతి మార్పూ దాచమన్నది మీరే కదా సార్, రేపు పరిశోధకులకు పనికొస్తుందని.”

ఇంజినీరుగారు స్క్రీన్ మీదికి వంగాడు.

“అంకితం పేజీ కూడానా?”

“అక్కడ అయిదు పేర్లు కొట్టేసి ఉన్నాయి. చైర్మన్ గారిది ఆరోది.”

“పొగడ్త ఒక్కొక్కరికీ వేరే కదా?”

“లేదు సార్. ‘నా చీకటి బతుకున వెలిగిన ఏకైక దీపం’ అలాగే ఉంది. పేరొక్కటే మారుతూ వచ్చింది.”

“ఆయన చూశారా?”

“చూసి నవ్వారట. మొదటి పేరు ఎవరిదని అడిగారు. మీ ఆవిడగారిదని చెప్పాను.”

“అచ్చు వేయిస్తారా, లేదా?”

“వేయిస్తారట సార్. కాకపోతే అంకితం పేజీ ఆవిడ చూసి సరేననాలట. ఫైలు ఆవిడకు పంపమన్నారు.”

“పంపకు.”

“పొద్దున్నే పంపాను సార్. ఎలా తెరవాలని ఆవిడ ఫోన్ చేస్తే, నోట్‌ప్యాడ్ చాలని చెప్పాను.”